అప్పజెప్పని పాఠం

నాచారం పారిశ్రామికవాడలో మసాలా పొడులు తయారుచేసే ఒక యూనిట్లో లేబుళ్ళు చూడటం నా ఉద్యోగం. ప్రెస్సు నుంచి కొత్త లేబుళ్ళ కట్ట వచ్చినప్పుడల్లా ఒకటి తీసి, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చూసి, తప్పు లేకపోతే మూలన సంతకం పెడతాను. పన్నెండేళ్ళుగా ఇదే పని. ధనియాల పొడి లేబుల్ మీద ఒక్క అక్షరం తోక తెగినా నా కంటికి దొరికిపోతుంది. ఎవరైనా శుభలేఖ ఇస్తే పెళ్ళికూతురి పేరు కంటే ముందు అచ్చుతప్పులు చూస్తానని మా ఆయన ఎగతాళి చేస్తాడు. అలాంటిదాన్ని, నా కూతురికి చదవడం రాదన్న సంగతి మూడో తరగతి దాకా కనిపెట్టలేకపోయాను.

ఎందుకు కనిపెట్టలేకపోయానో చెప్పాలంటే మా పుట్టింటి పద్ధతి ఒకటి చెప్పాలి. మాది తెనాలి దగ్గర. సాయంత్రం స్నానాలయ్యాక పిల్లలందరం చేతులు కట్టుకుని నిలబడి నాన్నకి పాఠం అప్పజెప్పాలి. గుక్క తిప్పుకోకుండా, నీళ్ళు నమలకుండా చెప్పినవాళ్ళు తెలివైనవాళ్ళు. మధ్యలో ఆగినవాళ్ళకి మళ్ళీ మొదటి నుంచి. అప్పజెప్పడంలో నన్ను కొట్టేవాళ్ళు లేరు. ఆ గర్వం నాకు ఇప్పటికీ కొంచెం ఉంది, దాచుకోవడం దేనికి?

పెళ్ళయి ఉప్పల్ వచ్చాను, కూతురు పుట్టింది, దానితోపాటు మా ఇంటి పద్ధతీ పెరిగింది. నేను యూనిట్ నుంచి ఇల్లు చేరేసరికి ఆరున్నర అవుతుంది కాబట్టి ఒక ఉపాయం కనిపెట్టాను. ఇంగ్లీషు పాఠాలన్నీ నా గొంతుతో చదివి పాత ఫోన్లో రికార్డు చేసి పెట్టాను. బడి నుంచి వచ్చాక పక్కింట్లో కూర్చుని అవి వింటుంది. నేను రాగానే పుస్తకం తెరిచి, వరస కింద వేలు పెట్టి, గడగడా చదివేస్తుంది. ఒక్క తప్పు రాదు. నేను ఎక్కడ ఊపిరి తీసుకున్నానో తనూ అక్కడే తీసుకునేది. నా కూతురు అనిపించుకుందని మురిసిపోయేదాన్ని.

అందుకే, పాప చదవలేకపోతోందని వాళ్ళ క్లాస్ టీచర్ కబురు పెట్టినప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ టీచరుకి పాతికేళ్ళుంటాయేమో. నలభైమంది పిల్లల్లో మా పిల్లని సరిగ్గా చూసి ఉండదనుకున్నాను. మర్నాడు సెలవు పెట్టి, పుస్తకంతో, పిల్లతో సహా వెళ్ళి ఆవిడ ముందు కూర్చున్నాను. ఏ పాఠమైనా అడగమన్నాను. ఆవిడ అంగడి పాఠం అడిగింది. మా అమ్మాయి వేలు పెట్టి మొదలుపెట్టింది. మొదటి పేజీ అయింది, కాగితం తిప్పింది, ఆగకుండా చదువుతూనే ఉంది.

ముందు రోజు పల్లీ చిక్కీ తింటూ చదివిన చేతులు. రెండు కాగితాలు అంటుకుపోయి ఒకేసారి తిరిగాయి. కొత్త పేజీలో వానలో గొడుగు బొమ్మ ఉంది. మా అమ్మాయి వేలు ఆ గొడుగు కింద నడుస్తోంది, నోరు మాత్రం అంగడిలో కూరగాయలు కొంటోంది. నా కళ్ళు ఊరుకోవు కదా, ఆవిడ కంటే ముందు నేనే చూశాను. ఆవిడ పాఠం పూర్తయ్యేదాకా విని, బాగా చెప్పావమ్మా అని, అంటుకున్న కాగితాల్ని గోటితో నెమ్మదిగా విడదీసి పుస్తకం నా చేతికిచ్చింది.

ఇంటికొచ్చి నేనన్న మాట ఇప్పుడు రాయాలంటే చెయ్యి ఆగుతోంది. అయినా రాస్తాను. "ఇంత మొద్దువి ఎక్కడ దాపురించావే నాకు" అన్నాను. అది ఏడవలేదు. అర్థం కానట్టు నా మొహంలోకి చూసి, "నువ్వు చెప్పినట్టే చెప్పాను కదమ్మా" అంది.

నిజమే. నేను చెప్పినట్టే చెప్పింది. నేను అడిగిందే ఇచ్చింది. మూడేళ్ళపాటు నా గొంతు వినిపించుకుని, అక్షరాలతో పని లేకుండా, పుస్తకాలకి పుస్తకాలు తలలో పెట్టుకుంది. అది మొద్దు చేసే పనేనా? కానీ ఈ ఆలోచన నాకు ఆ పూట రాలేదు. రెండు రోజుల తర్వాత మా ఆయన స్కూటర్ తుడుస్తుంటే పక్కన నిలబడి, రేపు బడికి సెలవా అని అడిగినంత మామూలుగా, "నేను మొద్దు కదా నాన్నా" అని అడిగిందట. ఆయన నాతో గొడవ పడలేదు. ఆ మాట చెప్పి ఊరుకున్నాడు. గొడవ పడితేనే నయంగా ఉండేది.

ఆ రోజు నుంచి నా భయం మార్కుల గురించి కాదు. నా నోటి నుంచి వెళ్ళిన ఆ మాట పిల్ల లోపల స్థిరపడిపోకముందే దాన్ని అబద్ధం చెయ్యాలి. అది నా వల్ల అవుతుందా అనేదే భయం.

ఎవరి మీదికి పోట్లాటకి వెళ్ళానో ఆ క్లాస్ టీచరే దారి చూపించింది. పిల్లల సైకాలజిస్టు ఒకావిడ దగ్గరికి పంపింది. రెండు పూటలు పరీక్షలు పెట్టి, డిస్లెక్సియా అని చెప్పారు. కళ్ళు బాగున్నాయి, తెలివి బాగుంది, కాకపోతే అక్షరానికీ దాని మోతకీ, అంటే అది పలికే శబ్దానికీ, మధ్య ముడి పడటం ఈ పిల్లకి కష్టమవుతుంది, కాబట్టి ఒక్కొక్క మోత వరసగా నేర్పే ఫోనిక్స్ పద్ధతిలో పెట్టమన్నారు. ఎక్కడ పెట్టాలో చెప్పలేదు కానీ, ఎక్కడికెళ్ళినా అడగమని కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసిచ్చారు. మోతలు ఒక క్రమంలో నేర్పుతారా? ఒకటి గట్టిపడ్డాకే రెండోదానికి వెళతారా? నేర్పిన మోతలతోనే పుస్తకాలు చదివిస్తారా? బొమ్మ చూసి ఊహించనిస్తారా? చివరిదానికి లేదు అని జవాబు రావాలి, మిగతావాటికి అవును.

ఆ కాగితం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పరీక్షించి సంతకం పెట్టే పనే కదా, నాకు రానిదేముంది అనుకున్నాను.

మా యూనిట్లో ప్యాకింగు లైను చూసే ఆవిడ ఉంది. జనగామ వైపు నుంచి వచ్చినావిడ. భోజనాల దగ్గర నా మొహం చూసి విషయం రాబట్టింది. "మా అక్క బిడ్డకు గూడ గిట్లనే ఉండె అక్కా. గీ నాచారంలనే ఒక టీచరమ్మ ఉన్నది. ఆమె దగ్గర కూసోవెడితే ఇప్పుడు మంచిగ సదువుతున్నది. జర పోయి సూడరాదు" అంది.

వెళ్ళాను. కూరగాయల మార్కెట్ వెనక సందులో కింది వాటా. ఆ టీచరమ్మ ప్రభుత్వ బడిలో రిటైరయ్యారు. చదువులో వెనకబడిన పిల్లలకి నేర్పడంలో విడిగా శిక్షణ పొందారట. ముందు గదిలో ఒక చాప, ఒక చెక్కపెట్టె, ఇడ్లీ రవ్వ పోసిన పళ్ళెం. పెట్టె నిండా అక్షరాల బిళ్ళలు. అంతే. నా నాలుగు ప్రశ్నలకీ జవాబులు సరిగ్గానే చెప్పారు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే మాత్రం, "రెండేండ్లు పట్టొచ్చు. తొందరుంటె నా తోని కాదమ్మా" అన్నారు. పైగా తల్లో తండ్రో క్లాసులో పక్కన కూర్చోవాలి, ఇంట్లో రోజూ పావుగంట చేయించాలి, ఫోన్లో పాఠాలు వినిపించడం మానెయ్యాలి.

నేను ఆవిడని తీసిపారేశాను. కారణం ఏం చెప్పుకున్నానంటే, రెండేళ్ళు మరీ ఎక్కువ అని. అసలు కారణం వేరే. ఆవిడ మాట. మా అమ్మాయి వీధిలో ఆడుకుని వచ్చి 'జర' అంటే 'కొంచెం' అనమని సరిదిద్దే రకం నేను. గిట్ల, గట్ల అని మాట్లాడే మనిషి నా కూతురికి ఇంగ్లీషు ఏం నేర్పుతుందనుకున్నాను. కాగితం మీద ఉన్న నాలుగు ప్రశ్నలూ వదిలేసి, లేని ఐదో ప్రశ్న నేనే రాసుకుని, దాంట్లో ఆవిడని ఫెయిల్ చేశాను.

ఉప్పల్ మెట్రో స్టేషనుకి దగ్గరలో ఒక ఫోనిక్స్ సెంటర్ ఉండేది. ఏసీ గదులు, రంగురంగుల మ్యాట్లు, గోడ నిండా బొమ్మలు. రిసెప్షన్లో అమ్మాయి ఇంగ్లీషు వింటుంటే ఇంకా వినాలనిపించేది. ఇరవైమంది పిల్లలు ఒక బ్యాచ్, మూడు నెలల్లో పూర్తి, చివర్లో సర్టిఫికెట్. నా ప్రశ్నల కాగితం హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. తీసి అడగడానికి మొహమాటమేసింది. ఆ అమ్మాయి అంత చక్కగా మాట్లాడుతుంటే మధ్యలో పరీక్ష పెట్టడం ఏం బాగుంటుంది? చేర్చేశాను. అక్కడున్న పిల్లలు చాలామంది బాగానే నేర్చుకుంటున్నారు. తప్పు ఆ సెంటరుది కాదు. మామూలు పిల్లలకి సరిపడే చోటికి నేను నా పిల్లని తీసుకెళ్ళాను.

రెండు నెలలు కాగానే తల్లిదండ్రుల్ని పిలిచి పిల్లలతో పాడించారు. ఒక్కో అక్షరానికి ఒక్కో పాట, చేతులతో అభినయం. మా అమ్మాయి అందరికంటే ముందు వరసలో, అందరికంటే గట్టిగా. ఒక్క చోట తడబడలేదు. చప్పట్లు మోగిపోతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఇంటికొచ్చే దారిలో అలా తడబడకుండా చెప్పడం ఎక్కడ చూశానో నాకు గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే వాళ్ళిచ్చిన అక్షరాల కార్డులు తీసి, పేక కలిపినట్టు కలిపి, ఒక్కొక్కటీ చూపించాను. ఐదు చెప్పగలిగింది. మిగతావాటికి మొదటి నుంచి పాట లోపల పాడుకుంటూ వెతుక్కుంటోంది, పెదవులు కదులుతున్నాయి. మళ్ళీ అప్పజెప్పింది. ఈసారి పాటగా. ఈసారి నేను అరవలేదు. కార్డులు పక్కన పెట్టి దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల, కాళ్ళు నేలకి ఆనుతున్నాయి.

ఆ శనివారం నాచారం సందులోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో నాకే తెలుసు. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. ఆ టీచరమ్మ నాకు ఆ అవకాశమే ఇవ్వలేదు. నన్ను గుర్తుపట్టి, తలుపు బార్లా తీసి, పిల్లని చాప మీద కూర్చోబెట్టుకున్నారు. చెక్కపెట్టెలోంచి మూడు బిళ్ళలు తీసి పక్కపక్కన పేర్చి చదవమన్నారు. నేను వంగి చూస్తే అది ఏ మాటా కాదు. ఏ నిఘంటువులోనూ దొరకదు. అచ్చుతప్పులు పట్టుకునే ప్రాణం నాది, ఉండబట్టలేక అది తప్పు మాట కదండీ అన్నాను.

"తప్పు మాటనే అమ్మా," అన్నారావిడ. "అర్థమున్న మాటైతే యాదిలకెల్లి తీసి చెప్తది. అర్థం లేని మాట సదివితేనే వస్తది. మీ బిడ్డ యాది మస్తు గట్టిది, అందుకే ఇన్నొద్దులు ఎవ్వరికి దొరకలే."

మా అమ్మాయి ఆ మూడు బిళ్ళలకేసి చూసింది. దానికి సాయంగా ఏ పాటా లేదు, ఏ బొమ్మా లేదు, నా గొంతు లేదు. చదవలేకపోయింది. కానీ మొదటిసారి, చదవలేకపోవడం ఎవరూ తిట్టని చోట చదవలేకపోయింది.

అక్కడ మొదలైంది. మన 'క' పేరూ క, మోతా క. ఇంగ్లీషు అక్షరానికి పేరొకటి, మోతొకటి. ముందు మోత పట్టుకోమనేవారు. రవ్వలో వేలితో గీస్తూ మోత పలకాలి, రెండు బిళ్ళలు దగ్గరికి జరుపుతూ మోతలు కలపాలి. ఒక్కో మోత మీద వారం, ఒక్కోసారి రెండు వారాలు. పిల్లతో పాటు నాకూ ఒక నియమం పెట్టారు. "బిడ్డ ఆగినప్పుడు మీరు అందియ్యొద్దు. మనసుల పది లెక్కవెట్టుండ్రి. గప్పటికి రాకుంటె మోత ఒక్కటి చెప్పుండ్రి, మాట చెప్పొద్దు" అన్నారు.

చదవడం నేర్చుకోవడం దానికి ఎంత కష్టమైందో, నోరు మూసుకోవడం నాకు అంత కష్టమైంది. మా ఇంట్లో ఆగడమంటే రాదని అర్థం. దాని పెదవులు ఒక మోత దగ్గర నిలబడిపోతే నా నాలుక మీద మొత్తం మాట వచ్చి కూర్చునేది. ఒకటి, రెండు, మూడు అనుకునేదాన్ని. నాలుగు దగ్గర అందించేసేదాన్ని. అప్పుడు మా అమ్మాయి విసుగ్గా నా వైపు తిరిగి, అచ్చం వాళ్ళ టీచరమ్మ గొంతుతో, "జరాగమ్మా" అనేది. ఆ మాటని నేను సరిదిద్దలేదు.

పాత ఫోన్లో రికార్డులన్నీ నా చేతులతోనే తుడిచేశాను. మొదటి ఆరు నెలలు బడి పుస్తకం తెరిస్తే ఏడుపే. బడిలో క్లాస్ టీచర్ పరీక్ష ప్రశ్నలు పైకి చదివి వినిపించేలా హెడ్మిస్ట్రెస్సుని ఒప్పించింది. నేను అడగలేదు, తనే చేసింది. ఆవిడకి క్షమాపణ చెబుదామని వెళ్ళి, అలవాటు లేని పని కాబట్టి చెప్పలేక, మా యూనిట్ సాంబారు పొడి రెండు ప్యాకెట్లు ఇచ్చి వచ్చాను. ఆవిడకి అర్థమైందనే అనుకుంటున్నాను.

ఒకసారి స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు క్లాసు నుంచి వస్తూ ఉప్పల్ రోడ్డు మీద ఇరుక్కుపోయాం. స్కూటర్ మీద వాళ్ళ నాన్నకీ నాకూ మధ్య కూర్చున్న పిల్ల, పక్కనున్న దుకాణం బోర్డు కేసి చూస్తూ ఒక్కొక్క మోతా కూడబలుక్కుని, హాట్ చిప్స్ అంది. ఆయన హ్యాండిల్ వదిలేసి చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం అనుమానం. పుట్టినప్పటి నుంచి చూస్తున్న దుకాణం, పైగా నూనె వాసన గుప్పుమంటోంది, గుర్తుపట్టి చెప్పిందేమో? టీచరమ్మకి ఆ మాట చెబితే నవ్వి, అనుమానం పోయే రోజు దానంతట అదే వస్తుందన్నారు.

వచ్చింది. ఏడాదిన్నర దాటాక, మొన్న వేసవి సెలవుల్లో. మధ్యాహ్నం భోజనానికి లేస్తుంటే నా ఫోన్లో, ఇంట్లో ఉన్న పాత ఫోన్ నుంచి మా అమ్మాయి పంపిన వాయిస్ మెసేజ్ కనిపించింది. నాలుగు నిమిషాలు ఉంది. ఏం కొంప మునిగిందోనని చెయ్యి కడుక్కునే కుళాయి దగ్గరికెళ్ళి చెవి దగ్గర పెట్టుకున్నాను.

వంటింట్లో ఉన్న ధనియాల పొడి ప్యాకెట్ తీసుకుని వెనకవైపు చదువుతోంది. మా యూనిట్దే, నేను సంతకం పెట్టిన లేబులే. అది ఎవరూ ఎప్పుడూ పైకి చదవరు. పాఠం కాదు, పాట కాదు, బొమ్మ లేదు. నేను ఏనాడూ దానికి చదివి వినిపించింది కాదు. మొదటి మాట దగ్గరే ఆగింది. "ఇన్... గ్రె... కాదు, కాదు. ఇన్... గ్రీ... డి..."

కాదు అన్న ఆ రెండు మాటల దగ్గర ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. అప్పజెప్పేవాళ్ళు మధ్యలో ఆగి కాదు అనుకోరు. తప్పు చదివి, ఆ తప్పు తనే చూసి, వెనక్కి వెళ్ళి, సరిచేసుకుంటోంది. పన్నెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదే.

'ఇంగ్రీడియెంట్స్' అన్న ఆ మాట పూర్తయింది. తర్వాత 'స్టోర్' వచ్చింది, 'కూల్' వచ్చింది. మరో మాట దగ్గర మళ్ళీ నిశ్శబ్దం. పక్కింటి కుక్కర్ కూత వినిపిస్తోంది. ఆ మాట నాకు తెలుసు, కళ్ళు మూసుకున్నా తెలుసు, నా పెదవులు కదిలాయి. అప్పుడు, ఆ నిశ్శబ్దంలోంచి, రికార్డు చేస్తున్నప్పుడు నేను అక్కడ లేనని తెలిసి కూడా, "జరాగమ్మా. నేనే చెప్తా" అంది.

ఆగాను. ఎనిమిది దాకా లెక్కపెట్టాను. చెప్పింది.

ప్యాకింగు లైను ఆవిడ వెనక నుంచి వచ్చి ఏమైంది అక్కా అని అడిగింది.  ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టి, రెండో చేత్తో ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఆవిడకి కృతజ్ఞతలు చెప్పలేదని అప్పుడే తట్టింది. చెప్పాను. ఆవిడ నా ఏడుపుకి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

మెసేజ్ చివర్లో మా అమ్మాయి ప్యాకెట్ కింద పెట్టిన చప్పుడైంది. గొంతు సర్దుకుని, "అంతా చూసినమ్మా. ఒక్క తప్పు గూడ లేదు" అంది.

వెంటనే జవాబు పెట్టబోయి మానుకున్నాను. పది లెక్కపెట్టి, మొదటి నుంచి మళ్ళీ విన్నాను.